రామానుజన్ ప్రైములు వంద కోట్ల దాకా కావాలి, పైథాన్‌లో తెల్లారిపోతోంది

పటమట_పిల్లోడు
బీటెక్ థర్డ్ ఇయర్. మినీ ప్రాజెక్టుకి రామానుజన్ ప్రైములు తీసుకున్నా. వంద కోట్ల లోపు ఉన్నవన్నీ ఒక ఫైల్లో పెట్టాలి, అదీ పని. నిర్వచనం చిన్నదే. x లో సగం దాటాక x వరకూ ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయో లెక్కపెడతాం. ఏ సంఖ్య దగ్గర్నుంచి ఆ లెక్క ఇంకెప్పటికీ n కంటే తగ్గదో అదే n వ రామానుజన్ ప్రైము. 2, 11, 17, 29, 41 ఇలా పోతాయి.
నా ప్రోగ్రాం ప్రతి x కీ సగం నుంచి మొదలుపెట్టి ఒక్కో సంఖ్యా ప్రైమా కాదా అని చూస్తూ లెక్కేస్తుంది. పది వేల దాకా బానే ఉంది. లక్షకి ఫ్యాను రొద మొదలు. పది లక్షలు ఇచ్చి పడుకుంటే పొద్దున లేచేసరికి ఇంకా తిరుగుతూనే ఉంది. ల్యాప్‌టాప్ 8 జీబీ. సీ++ కి మారితే సరిపోతుందా? మా గైడ్ "అల్గోరిథం మార్చు" అని ఒక్క ముక్క చెప్పి క్లాసుకెళ్ళిపోయారు.

వన్‌టౌన్_వెంకి
రామానుజన్ పలక మీద చేశాడు. నీకు 8 జీబీ చాలట్లేదా బాబూ.

కృష్ణలంక_సీప్లస్
మారు. పైథాన్‌తో ఇలాంటి పనులు పెట్టుకోవడమే తప్పు. వంద కోట్ల లూపు అంటే పైథాన్‌కి అది జీవిత ఖైదు.

లెక్కల_మాస్టారు_తెనాలి
మీ గైడ్ చెప్పిందే కరెక్టు నాయనా. భాష మారిస్తే యాభై రెట్లో వంద రెట్లో వేగం వస్తుంది. నువ్వు చేస్తున్న పని అంతకంటే ఎన్నో లక్షల రెట్లు వృథా. ఒక లెక్క చూడు. వంద కోట్ల దగ్గర్లో ఒక ప్రైముని భాగహారాలతో తేల్చాలంటే 31,622 లోపు ప్రైములన్నిటితో భాగించి చూడాలి. అవి 3,401. ఒక్క సంఖ్యకి అంత శ్రమ. అలాంటివి సగం నుంచి మొదలుపెట్టి 50 కోట్ల సంఖ్యలకి చేస్తావు. తర్వాత x కి ఒకటి కలిపి మళ్ళీ ఆ 50 కోట్లూ మొదట్నుంచీ! నిన్న లెక్కపెట్టినవే ఇవాళ మళ్ళీ లెక్కపెట్టడం దేనికి?

బ్రాడీపేట_4/14
మాస్టారు చెప్పిన రెండో సంగతి ముందు సరిచెయ్, అది తేలిక. x నుంచి x+1 కి వెళ్ళినప్పుడు మారేది ఏముంది? కొత్త సంఖ్య ప్రైము అయితే లెక్క ఒకటి పెరుగుతుంది. కొత్త సంఖ్య ఒక ప్రైముకి రెట్టింపు అయితే, ఆ ప్రైము కింద నుంచి జారిపోతుంది కాబట్టి ఒకటి తగ్గుతుంది. ఈ రెండూ కాకపోతే ఏమీ మారదు. అంతే. లోపలి లూపు మొత్తం ఎగిరిపోయింది.

పటమట_పిల్లోడు
ఓహ్. ఇది బావుంది. కానీ "ఇంకెప్పటికీ తగ్గదు" అన్నది ఎలా పట్టుకోవాలి? ఒకసారి n చేరాక మళ్ళీ ఎప్పుడో పడిపోవచ్చుగా?

బ్రాడీపేట_4/14
పడిపోతుంది, అందులోనే ఉంది అసలు సరదా. ఒక అర్రే పెట్టుకో, n కి ఒక గడి. లెక్క పెరిగి n అయిన ప్రతిసారీ ఆ ప్రైముని n వ గడిలో రాసెయ్, పాతది ఉంటే దాని మీదే. చివరిదాకా చెరగకుండా నిలిచిందే జవాబు.
చేత్తో చేసి చూడు. 2 దగ్గర లెక్క 1. 3 దగ్గర 2 అయింది, రెండో గడిలో 3. 4 వచ్చింది, అది 2 కి రెట్టింపు, లెక్క 1 కి పడింది. 5 దగ్గర మళ్ళీ 2, గడిలో 5. 6 దగ్గర పడింది. 7 దగ్గర లేచింది, గడిలో 7. 10 దగ్గర పడింది. 11 దగ్గర లేచింది, గడిలో 11. ఇక అక్కణ్ణుంచి 2 కంటే కిందకి ఎప్పుడూ రాదు. 13 కి 3, 14 కి మళ్ళీ 2, 17 కి 3, మూడో గడిలో 17 నిలిచిపోయింది.
ఇంకోటి గమనించావా, లెక్క పెరిగేది ప్రైము దగ్గర మాత్రమే. అందుకే ఈ వరసలో వచ్చేవన్నీ ప్రైములే. విడిగా నిరూపించక్కర్లేదు.

సిరి_గుంటూరు
ఇది చూశాక నిర్వచనం ఇప్పుడు అర్థమైంది నాకు. మా టెక్స్ట్‌బుక్‌లో అర పేజీ గుర్తులు పెట్టి చెప్పాడు.

నంపై_నాని
ఇక ప్రైముల సంగతి. ఒక్కోదాన్నీ పరీక్షించకు, జల్లెడ వెయ్. ఎరటోస్తనీస్ జల్లెడ ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా తెలుసు. 2 గుణిజాలు కొట్టెయ్, 3 గుణిజాలు కొట్టెయ్, మిగిలినవే ప్రైములు. ప్రతి ప్రైము p కీ కొట్టివేత p వర్గం దగ్గర మొదలెట్టు. 7 కి 49 నుంచి చాలు, అంతకు ముందువి చిన్నోళ్ళు కొట్టేసే ఉంటారు.

పటమట_పిల్లోడు
జల్లెడ కూడా ట్రై చేశా అన్నా. వంద కోట్ల ట్రూలతో లిస్టు చేస్తే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. మౌస్ కూడా కదల్లేదు, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది.

కృష్ణలంక_సీప్లస్
బిగుసుకోక ఏం చేస్తుంది. పైథాన్ లిస్టులో ఒక్కో గడికి 8 బైట్లు. వంద కోట్ల గడులంటే 8 జీబీ. నీ ర్యామంతా అదే. విండోస్ ఎక్కడ కూచోవాలి మరి?

బెంజిసర్కిల్
16 జీబీ వేయించుకో. బీసెంట్ రోడ్డు వైపు షాపుల్లో సెకండ్ హ్యాండ్ స్టిక్కులు దొరుకుతాయి. సమస్య తీరిపోతుంది.

లెక్కల_మాస్టారు_తెనాలి
బెంజిసర్కిల్ గారూ, రేపు వెయ్యి కోట్లు అడిగితే 160 జీబీ వేయిస్తారా?

బెంజిసర్కిల్
మినీ ప్రాజెక్టుకి వెయ్యి కోట్లు ఎవడడుగుతాడు మాస్టారూ. పని అయితే చాలు కదా.

నంపై_నాని
ర్యామ్ కొనక్కర్లేదు. లిస్టు బదులు బైట్ అర్రే పెడితే 1 జీబీ. సరిసంఖ్యలు దాచడం దేనికి, బేసివే పెడితే 500 ఎంబీ. ఒక్కోదానికి బైటు బదులు బిట్టు ఇస్తే 62.5 ఎంబీ. 2, 3, 5 మూడిటి గుణిజాలూ వదిలేస్తే ప్రతి 30 సంఖ్యల్లో 8 మాత్రమే ప్రైము అయ్యే అవకాశం ఉన్నవి. 8 బిట్లు అంటే సరిగ్గా ఒక బైటు. అలా 33.3 ఎంబీలోకి వంద కోట్లూ వచ్చేస్తాయి. 8 జీబీ ఎక్కడ, 33 ఎంబీ ఎక్కడ.

మిర్చియార్డు
బైటుకి 30 సంఖ్యలు. ఈ ముక్క నాకు భలే నచ్చింది. లెక్క సరిగ్గా 8 కి రావడం ఏదో కావాలని పెట్టినట్టుంది.

బ్రాడీపేట_4/14
33 ఎంబీ అయినా ప్రాసెసర్ క్యాష్‌లో, అంటే దాని లోపలుండే చిన్న వేగమైన మెమొరీలో, పట్టదు. ఎల్1 క్యాష్ చాలా ప్రాసెసర్లలో కోర్‌కి 32 కేబీ దగ్గర. జల్లెడలో పెద్ద p వచ్చేసరికి ఒక్కో కొట్టివేతా ర్యామ్‌లో ఎక్కడో దూరంగా పడుతుంది, ప్రతిసారీ క్యాష్ మిస్సే. లెక్క తక్కువే ఉన్నా ఎదురుచూపులే ఎక్కువ. అందుకే ముక్కలుగా జల్లెడ పట్టాలి. సెగ్మెంటెడ్ సీవ్ అంటారు.
మా పేట అడ్రసులా అనుకో. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. సంఖ్యనీ అలాగే రెండు ముక్కలు చెయ్: ఎన్నో సెగ్మెంటు, అందులో ఎన్నో చోటు. ఒక లైను మొత్తం తిరిగి పని ముగించాకే పక్క లైనులోకి వెళ్ళు. ప్రతి p దగ్గరా "నేను పక్క లైనులో ఏ అడ్డరోడ్డు దగ్గర దిగాలి" అన్న ఒక్క అంకె దాచుకుంటే చాలు. 31,622 లోపు 3,401 ప్రైములు, 3,401 అంకెలు. 32 కేబీలో బేసి సంఖ్యలు బిట్లుగా పెడితే ఒక్కో సెగ్మెంటులో 5,24,288 సంఖ్యల మేర పడుతుంది. వంద కోట్లకి సుమారు 1,900 సెగ్మెంట్లు.

వన్‌టౌన్_వెంకి
బ్రాడీపేటలో అడ్రసు పట్టుకోవడం కంటే ప్రైములు పట్టుకోవడమే తేలిక అని నా అభిప్రాయం.

నంపై_నాని
4/14 చెప్పింది సీ++ కి కరెక్టు. పిల్లోడు పైథాన్‌లో ఉన్నాడు, అతనికి 32 కేబీ సెగ్మెంటు పెట్టమంటే మునిగిపోతాడు. నంపై, అదే పైథాన్ అర్రేల లైబ్రరీలో, ఒక్కో p కి ఒక్కో స్లైసు కొట్టాలి. 1,900 సెగ్మెంట్లు ఇంటూ 3,401 ప్రైములు, దాదాపు 65 లక్షల సార్లు నంపైని పిలవాలి. ఆ పిలుపు ఖర్చే అసలు పనిని మించిపోతుంది. సెగ్మెంటుకి కోటి సంఖ్యలు పెట్టు. అప్పుడు వంద సెగ్మెంట్లు, 3.4 లక్షల పిలుపులు. క్యాష్ మిస్సులు ఉంటాయి, ఉండనీ.

కృష్ణలంక_సీప్లస్
అంటే చివరికి క్యాష్ వాడుకోవాలంటే సీ++ కే రావాలి. ఇందాక నేను చెప్పిందే కదా.

నంపై_నాని
నువ్వు చెప్పింది అల్గోరిథం మార్చకుండా భాష మార్చమని. పైకెళ్ళి చదువుకో.

బ్రాడీపేట_4/14
నాని పాయింటు ఒప్పుకుంటున్నా, నంపైకి పెద్ద సెగ్మెంటే నయం. వేగమే కావాలంటే కిమ్ వాలిష్ రాసిన ప్రైమ్‌సీవ్ ఉంది, సోర్సంతా బయటే పెట్టాడు. వంద కోట్ల లోపు ప్రైముల్ని సెకను లోపే లెక్కపెట్టి ఇస్తుంది. లోపల ఇవే ఉపాయాలు: బైటుకి 30 సంఖ్యలు, క్యాష్‌లో పట్టే సెగ్మెంటు, పెద్ద ప్రైములకి వేరే ఏర్పాటు.

పటమట_పిల్లోడు
రెడీమేడ్ లైబ్రరీ వాడితే వైవాలో దొరికిపోతా. నేనే రాయాలి.
ఒక డౌటు. సెగ్మెంటు దాటాక పాత ప్రైములు పారేస్తాం కదా. x ఒక ప్రైముకి రెట్టింపా అని చూడాలంటే సగం దగ్గరి ప్రైములు కూడా కావాలి. అవి పోయాయిగా?

సిరి_గుంటూరు
రెండు జల్లెడలు నడిపించు. ఒకటి x దగ్గర, ఇంకోటి సగం వేగంతో x/2 దగ్గర. రెండూ తమ తమ సెగ్మెంట్లు మాత్రమే దాచుకుంటాయి. పని ఒకటిన్నర రెట్లు అవుతుంది, మెమొరీ మాత్రం దాదాపు ఏమీ పట్టదు.

నంపై_నాని
అంత అవసరమా? 50 కోట్ల లోపు బేసి సంఖ్యల బిట్‌మ్యాప్ 31.25 ఎంబీ. మొదటి సగం అయ్యేదాకా దాచిపెట్టుకో, తర్వాత దాన్ని వరసగా చదువుకుంటూ పో. వరసగా చదివేదానికి క్యాష్ బాధ కూడా లేదు.

సిరి_గుంటూరు
వంద కోట్లకి అది సరే. లక్ష కోట్లకి వెళ్తే నీ బిట్‌మ్యాప్ 31 జీబీ. నాది అప్పుడూ చిటికెడే.

బెంజిసర్కిల్
మళ్ళీ నా ర్యామ్ షాపు దగ్గరికే వస్తారు మీరు.

మిర్చియార్డు
ప్రైములకి బదులు వాటి మధ్య దూరాలు దాచొచ్చు కదా? దూరాలు చిన్నవి, ఒక్కో బైటు చాలు. వంద కోట్ల లోపు 5,08,47,534 ప్రైములు. 4 బైట్ల చొప్పున 203 ఎంబీ, దూరాలుగా అయితే 51 ఎంబీ.

బ్రాడీపేట_4/14
దాచొచ్చు, కానీ దూరాన్ని ఉన్నదున్నట్టు బైట్‌లో పెడితే ఒక చోట కచ్చితంగా దెబ్బ తింటావు. 43,62,73,009 తర్వాతి ప్రైము 43,62,73,291. దూరం 282. బైటు 255 దాకానే. 282 అక్కడ 26 అయిపోతుంది, ఆ తర్వాత వచ్చే ప్రతి సంఖ్యా కనీసం 256 తక్కువ. ఎర్రర్ రాదు, ఆగదు, తప్పు జవాబులు ధైర్యంగా ఇచ్చుకుంటూ పోతుంది. పది కోట్లకి టెస్టు చేస్తే అన్నీ సరిగ్గానే వస్తాయి. అంతకన్నా దరిద్రం ఏముంది?
మందు సులువే. 2, 3 తర్వాత దూరాలన్నీ సరిసంఖ్యలే, కాబట్టి దూరంలో సగం దాచు. అప్పుడు 510 దాకా పడుతుంది. 510 దాటే మొదటి దూరం 514, అది 30,459 కోట్లు దాటాక గానీ రాదు.

మిర్చియార్డు
అమ్మో. పది కోట్ల టెస్టు చూసుకుని సంబరపడేవాళ్ళలో నేనూ ఉండేవాణ్ణే.

లెక్కల_మాస్టారు_తెనాలి
అందుకే సరిచూసుకోవడానికి ముందే తెలిసిన లెక్కలు దగ్గర పెట్టుకోవాలి. పది లక్షల లోపు ప్రైములు 78,498. కోటి లోపు 6,64,579. పది కోట్ల లోపు 57,61,455. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో పురుగుంది.
ఇందులో పెద్దవాళ్ళకీ దెబ్బలు తగిలాయి. మైసెల్ అనే జర్మన్ లెక్కల పంతులు 1885లో, కంప్యూటర్ లేని రోజుల్లో, వంద కోట్ల లోపు ప్రైములు 5,08,47,478 అని తేల్చాడు. వాటన్నిటినీ జాబితా రాయకుండానే లెక్క తేల్చే సూత్రం ఆయనది. తేడా 56 మాత్రమే! అది తప్పని 1959లో లేమర్ అనే అమెరికన్ గణితవేత్త ఐబీఎం 701 కంప్యూటర్ మీద కనిపెట్టాడు. అదే లేమర్ వెయ్యి కోట్ల లోపువి 45,50,52,512 అన్నాడు. అసలుది 45,50,52,511. ఒక్కటి ఎక్కువ.

వన్‌టౌన్_వెంకి
మైసెల్‌కి 56 మార్కులు పోయినా నేనైతే డిస్టింక్షన్ ఇస్తా.

సిరి_గుంటూరు
మాస్టారూ, మైసెల్ పద్ధతి పిల్లోడికి పనికొస్తుందా? జాబితా లేకుండా లెక్క వస్తుంటే జల్లెడ ఎందుకు?

లెక్కల_మాస్టారు_తెనాలి
పనికిరాదమ్మా. ఎన్ని ఉన్నాయో చెబుతుంది గానీ ఏవి ఉన్నాయో చెప్పదు. ఒక్క x దగ్గర లెక్క కావాలంటే అది రాజా. వరస మొత్తం కావాలంటే జల్లెడే. ఈ తేడా తెలియక చాలామంది తప్పు పనిముట్టు పట్టుకుంటారు. 2002లో ఐఐటీ కాన్పూర్ వాళ్ళు ఒక సంఖ్య ప్రైమా కాదా తేల్చే ఏకేఎస్ పరీక్ష కనిపెట్టినప్పుడు మా కాలేజీ కుర్రాళ్ళు దాంతో ప్రైముల పట్టిక వేస్తామని బయల్దేరారు. అది సిద్ధాంతంలో గొప్ప విజయం, పట్టికలు వెయ్యడానికి కాదు.

కృష్ణలంక_సీప్లస్
ప్రైముల వరసలన్నీ జల్లెడకి లొంగుతాయా మాస్టారూ? యూక్లిడ్–ములిన్ అని ఒకటుంది కదా.

లెక్కల_మాస్టారు_తెనాలి
అది మొండిఘటం. ఇప్పటిదాకా వచ్చినవన్నీ గుణించి ఒకటి కలిపి, వచ్చినదాని అతి చిన్న ప్రధాన కారణాంకం తీసుకోవాలి. 2, 3, 7, 43. తర్వాత 2×3×7×43 కి ఒకటి కలిపితే 1807, అది 13×139, కాబట్టి 13. తర్వాత 53, ఆ తర్వాత 5, ఆ పైన 62,21,671! వరుసా వావీ లేదు. 51 పదాలు తెలుసు, 52వ పదం దగ్గర 335 అంకెల సంఖ్యని విడగొట్టలేక ఆగిపోయారు. అక్కడ ఏ జల్లెడా పనిచెయ్యదు, ఎన్ని కోర్లున్నా అంతే. రామానుజన్ వరస మనింటి పిల్లలా చెప్పినమాట వింటుంది.

బెంజిసర్కిల్
ఇంత కష్టం దేనికి, సంఖ్యల వరసలన్నీ ఉండే ఓఈఐఎస్ వెబ్‌సైట్‌లో ఎ104272 అని కొడితే రామానుజన్ ప్రైములు రెడీగా ఉన్నాయి.

పటమట_పిల్లోడు
చూశా బాసూ. అక్కడ ఉన్నది మొదట్లో కొన్ని వేలు. నాకు కోట్లలో కావాలి. సరిచూసుకోవడానికి మాత్రం వాడుకుంటా.

పటమట_పిల్లోడు
అప్‌డేట్. నంపైలోనే రాశా. కోటి సంఖ్యల సెగ్మెంట్లు, 50 కోట్ల దాకా బిట్‌మ్యాప్. ప్రైములకి +1, రెట్టింపులకి −1 పెట్టి క్యుమ్‌సమ్ (వరసగా కూడుకుంటూ వచ్చే మొత్తాలు) తీసి, గడుల్లో ఒకేసారి రాయిస్తున్నా. ఒకే గడి రెండుసార్లు వస్తే నంపై ఆఖరిదే ఉంచుతోంది, నాకు కావాల్సిందీ అదే. వందలోపు 10 వచ్చాయి, వెయ్యిలోపు 72. ఓఈఐఎస్‌తో సరిపోయాయి. ప్రైముల మొత్తం లెక్క కూడా 5,08,47,534, మాస్టారి మైసెల్ కంటే 56 ఎక్కువ. రాత్రంతా అక్కర్లేదు, టీ తాగొచ్చేలోపు అయిపోతోంది.

బ్రాడీపేట_4/14
శభాష్. అయితే ఫైల్లో చివరి గడులు రాయకు.

పటమట_పిల్లోడు
ఎందుకు? గడులు 2.45 కోట్ల దాకా నిండాయి.

బ్రాడీపేట_4/14
నిండాయి, నిలుస్తాయని ఎవరు చెప్పారు? 100 కోట్లు దాటాక లెక్క మళ్ళీ కిందకి పడి పై గడుల్లో వాటిని చెరపొచ్చు. నువ్వు అక్కడ ఆగిపోయావు కాబట్టి అది నీకు కనపడలేదు. n వ రామానుజన్ ప్రైము ఎప్పుడూ 3n వ ప్రైము కంటే చిన్నదే అని లైశ్రమ్ అనే గణితవేత్త నిరూపించాడు. నీ దగ్గర 5,08,47,534 ప్రైములున్నాయి, మూడో వంతు 1,69,49,178. ఆ గడి దాకా ఒట్టేసి చెప్పొచ్చు. ఆ పైవి కావాలంటే ఇంకా ముందుకి నడవాలి.

కృష్ణలంక_సీప్లస్
అది మరీ జాగ్రత్త. n వది 2n వ ప్రైముకి కాస్త అటుగానే ఉంటుంది. చివర్లో ఓ కొన్ని వేలు వదిలేస్తే చాలు.

లెక్కల_మాస్టారు_తెనాలి
"ఉంటుంది" అంటే నిరూపణ కాదు. వైవాలో అడుగుతారు, పిల్లవాడు దేని మీద నిలబడాలి? ఇంకా ముందుకు నడిపించు నాయనా, 150 కోట్ల దాకా వెళ్తే 2.45 కోట్ల గడులన్నీ స్థిరపడతాయి.

బ్రాడీపేట_4/14
మాస్టారూ, 3n సూత్రంతో అయితే 150 కోట్లు చాలవు. 2.45 కోట్ల మూడు రెట్లు 7.35 కోట్ల ప్రైములు. అన్ని ప్రైములు దొరకడానికి 147 కోట్లు దాటాలి. ఓహ్, సరిపోతుంది, అంచు మీద.

లెక్కల_మాస్టారు_తెనాలి
అంచు మీదైనా సూత్రం సూత్రమే. ప్రైముల లెక్క 7.35 కోట్లు దాటేదాకా నడిపించు, ఎక్కడ ఆపాలో అదే చెబుతుంది.

నంపై_నాని
బిట్‌మ్యాప్ 75 కోట్ల దాకా పెంచుకోవడం మర్చిపోకు. 47 ఎంబీ అవుతుంది, ఏం కాదు.

పటమట_పిల్లోడు
సరే, అలాగే. ఇంకో విచిత్రం, లెక్క కంటే ఫైల్లో రాయడానికే ఎక్కువసేపు పడుతోంది. ఒక్కో లైనూ ప్రింట్ చేస్తున్నా.

నంపై_నాని
ప్రింట్ తీసెయ్. లక్ష లైన్లు ఒకేసారి కలిపి రాయి. లేదా ఉన్న అర్రేని అలాగే బైనరీగా పడెయ్, 98 ఎంబీ, క్షణంలో పని.

మిర్చియార్డు
బైనరీ ఇస్తే గైడ్ గారు తెరుస్తారా?

వన్‌టౌన్_వెంకి
టెక్స్ట్ ఇచ్చినా ఎక్సెల్‌లోనే తెరుస్తారు. అందులో 10,48,576 వరసలే పడతాయి. మిగతావి చూడమని ఎవరూ అడగరు, నువ్వు నిశ్చింతగా ఉండు.

లెక్కల_మాస్టారు_తెనాలి
నేనైతే అడుగుతా.